మా అక్కయ్య వంగనంది

మా అక్కయ్యకి పొగరెక్కిందని మండవల్లిలో చెప్పుకుంటున్నారట. చెప్పుకోనీండి. వాకర్ పట్టుకుని నడిచే మనిషికి పొగరు ఎటువైపు నుంచి ఎక్కుతుందో నాకు తెలీదు గానీ, ఆ పొగరులో సగం వాటా నాదని మాత్రం ఎవరూ అనడం లేదు. అదే నా కడుపుమంట. అందుకే జరిగింది జరిగినట్టు నేనే చెబుతున్నాను.

అక్కయ్యంటే తోడబుట్టింది కాదండీ, తోడికోడలు. పేరు కనకమహాలక్ష్మి. పుట్టిల్లు కలిదిండి. మా బావగారు నరసింహమూర్తి గారు తాడేపల్లిగూడెంలో పౌరోహిత్యం చేస్తారు. ఆయన తమ్ముడు రైసు మిల్లులో గుమాస్తా. ఆ గుమాస్తా భార్యని నేను, చంద్రావతిని. ముప్ఫయ్యారేళ్ళుగా ఒకే ఇంట్లో ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాం. దెబ్బలాడుకోలేదా అంటే, ఎందుకు దెబ్బలాడుకోలేదూ, బోలెడన్నిసార్లు. ఒకసారి గోంగూరలో ఉప్పు గురించి పదకొండు రోజులు మాట్లాడుకోలేదు. అయినా నా పురుళ్ళు రెండూ పోసింది ఆవిడే, నేను టైఫాయిడ్‌తో పడుంటే నా జడ వేసింది ఆవిడే.

ఆవిడ ఇరవయ్యారేళ్ళు ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతి టీచరు. రోజూ నలభైమంది పిల్లల బూట్ల లేసులు గొంతుక్కూర్చుని కట్టేది. ఇంటికొచ్చి కత్తిపీట ముందు కూర్చునేది. పూజలకీ తద్దినాలకీ నేల మీద కూర్చుని పాతికమందికి వండేది. ఇక దండాలంటారా, లెక్కే లేదు. పురోహితుడి ఇంటికి రాని పెద్దవాళ్ళుండరు కదండీ. గుమ్మంలో తెల్లపంచె కనబడితే చాలు, చేతిలో గరిట పక్కన పెట్టి వంగిపోయేది. పెళ్ళినాడు నూట నలభైమందికి దండం పెట్టానని, తలంబ్రాల కన్నా నడుం నొప్పే బాగా గుర్తుందని నవ్వేది.

ఎనిమిదేళ్ళుగా కుంటుతోంది. అడిగితే నడుం పట్టిందనేది. చివరికి మెట్లెక్కలేక మెట్టు మీదే కూలబడిపోతే ఏలూరు తీసుకెళ్ళాం. ఫోటో తీశారు. ఎడమ తుంటి కీలు అరిగిపోయింది, మార్చాల్సిందే అన్నారు. ఫిబ్రవరి మొదటి వారంలో మార్చారు. అయిదో రోజున ఇంటికి తెచ్చుకున్నాం.

ఫిజియోథెరపీకి ఎడ్విన్ అని ఒకబ్బాయి వచ్చేవాడు. బంగారంలాంటి పిల్లాడు, కానీ చూపు మాత్రం పోలీసు చూపు. వచ్చిన మొదటిరోజే మంచం చూసి "ఇది పొట్టిదండీ, పనికిరాదు" అని నాలుగు కోళ్ళ కిందా ఇటుకలు పెట్టించాడు. కుర్చీలో రెండు దిళ్ళు వేయించాడు. లెట్రిన్ సీటు మీద ఇంకో ఎత్తు సీటు బిగించాడు. పడుకున్నప్పుడు రెండు కాళ్ళ మధ్యా లావుపాటి దిండు పెట్టమన్నాడు. నేను పోనీ పాపం, నొప్పి తగ్గుతుంది కదా అని మోకాలి కింద కూడా ఒకటి దూర్చాను. మర్నాడొచ్చి చూసి నా మీద లేచాడు. "మోకాలి కింద వద్దండీ అమ్మగారూ! హాయిగానే ఉంటది. అలాగే ఉంచితే తుంటి మడతపడిపోయి, రేపు నిలబడ్డప్పుడు తిన్నగా సాగదు."

అసలు ఇంత హడావుడి దేనికయ్యా అని అడిగాను. అప్పుడు అక్కయ్య మంచం పక్కన నిలబడి విడమరిచి చెప్పాడు. "లోపల బంతీ గిన్నే కొత్తవండి, వాటికేం ఢోకా లేదు. వాటిని పట్టుకుని ఉండే కండలే పాతవి. వెనక చిన్న చిన్న కండలుంటాయి. వాటిని కోసి లోపలికెళ్ళి, మళ్ళీ ఎముకకి కుట్టారు. ఆ కుట్టు అతుక్కునేదాకా వాటిని లాగకూడదు. వంగితే లాగుతాయి. కాలు మీద కాలేస్తే లాగుతాయి. పాదం లోపలికి తిప్పితే లాగుతాయి. మోకాలు ఎప్పుడూ తుంటి కన్నా కిందే ఉండాలి. కింద పడ్డది ఏదైనా కిందే ఉండనీండి, మీరు మాత్రం వంగొద్దు."

నాకు శుభ్రంగా అర్థమైంది. బిగుతుగా కుట్టిన జాకెట్టు వేసుకుని పైన అటకమీద డబ్బా అందుకుంటే చంకలో పిగిలిపోతుందే, అదీ సంగతి. అంత అర్థమైనదాన్ని నేను చేసిన ఘనకార్యం చూడండి.

పంతొమ్మిదో రోజు. అక్కయ్య వాకర్ పట్టుకుని హాల్లో నడుస్తోంది. గుమ్మంలోకి నిత్యానందం మావయ్యగారు వచ్చారు. ఆయన బావగారికి మేనమామ. మండవల్లి నుంచి పరామర్శకి వచ్చారు. ఈయన గురించి చెప్పాలి. ముప్ఫై ఏళ్ళు హెడ్మాస్టరు చేశారు. పిల్లల చిన్నతనంలోనే మా మావగారు పోతే, బావగారినీ మా ఆయన్నీ చదివించి ఒక ఒడ్డుకి చేర్చింది ఈయనే. ఆ కృతజ్ఞత మా అందరికీ ఉంది, కాదనను. కానీ దండం విషయంలో మాత్రం మహా పట్టింపు. నుదురు ఆయన బొటనవేలికి తగిలేదాకా దీవెన నోట్లోంచి ఊడిపడదు. నిలబడి చేతులు జోడిస్తే "అది కరెంటు స్తంభానికి పెట్టుకో" అంటారు.

ఆయన వచ్చి, కండువా సర్దుకుని, రెండు పాదాలూ జోడించి నిలబడ్డారు. ఎదురుచూస్తున్నారు. నేను అక్కయ్య వైపు చూసి కళ్ళతో సైగ చేశాను. అవునండీ, నేనే. ముప్ఫయ్యారేళ్ళ అలవాటు నా కళ్ళని ఆడించింది. అక్కయ్య వాకర్ వదిలేసింది. వంగింది. తలుపు గడియ తీసినట్టు టక్కుమని చప్పుడైంది. ఆ తరవాత ఆవిడ పెట్టిన కేక నేను చచ్చేదాకా మరిచిపోలేను.

బంతి గిన్నెలోంచి జారిపోయింది. అంబులెన్సులో మళ్ళీ ఏలూరు. మత్తిచ్చి బంతిని లోపలికి తోశారు. కోత పడలేదు, అదొక్కటే అదృష్టం. పెద్ద డాక్టరు బయటికొచ్చి, "ఈసారికి కూర్చుంది. కుట్లు మాత్రం బాగా దెబ్బతిన్నాయి. ఇవాళ్టి నుంచి మళ్ళీ మూడు నెలలు లెక్కపెట్టుకోండి. ఇంకోసారి జారితే మాత్రం తెరవాల్సిందే. అప్పుడు ఇలా నడుస్తారని నేను చెప్పలేను" అన్నారు.

బంధువులేమన్నారో తెలుసా? మావయ్యగారి ఆశీర్వాదం ఉండబట్టి అంతటితో పోయిందన్నారు! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన కాళ్ళ దగ్గరే కాలు ఊడిపోతే, ఆయన దీవెనే కాపాడిందట. చాల్లెండి సంబడం.

రెండో రోజు వార్డులో ఎవరూ లేకుండా చూసి అక్కయ్య చెయ్యి పట్టుకున్నాను. "అక్కయ్యా, నన్ను చంపేసినా పాపం లేదు. ఆ వేళ సైగ చేసింది నేను" అని భోరుమన్నాను.

ఆవిడ నా వంక వింతగా చూసింది. "నువ్వు సైగ చేశావా? నేను చూడనే లేదే. ఆయన గుమ్మంలో కనబడ్డం ఏమిటి, నా నడుము దానంతటదే వంగిపోయింది. నన్ను అడగనే లేదు చంద్రా!" అంది. తరవాత నెమ్మదిగా, "నా నడుము నా మాట వినకపోవడం ఏమిటే?" అంది. ఆవిడకి కోపం రావడం నేను చూశాను గానీ, అంత నెమ్మదైన కోపం మాత్రం అదే మొదటిసారి చూడ్డం.

ఇంటికొచ్చాక మనిషి మారిపోయింది. దేవుడి గూటి ముందు కూడా తిన్నగా నిలబడి చేతులు జోడించేది. "వెంకటేశ్వరస్వామి నిలబడే ఉన్నాడు కదా, ఇద్దరం సమానమే" అనేది. పెద్దవాళ్ళెవరైనా వస్తే వాళ్ళు పాదాలు జోడించకముందే "నేను వంగకూడదండీ, కూర్చోండి, కాఫీ తాగుతారా?" అని గడగడా అనేసేది. కొందరు మూతి ముడుచుకునేవారు. ముడుచుకోనీ. మలుపు తిరగాలంటే గిర్రున తిరక్కుండా చిన్న చిన్న అడుగులు వేసేది. కుర్చీలోంచి లేచేటప్పుడు ఎడమకాలు ముందుకి చాపి, రెండు చేతులూ ఆనించి లేచేది. ఎడ్విన్ ఎదురుగా లేనప్పుడు కూడా తప్పేది కాదు. రాత్రి కాళ్ళ మధ్య దిండు జారితే నన్ను లేపేది, మొహమాటపడేది కాదు. ఇదివరకైతే తెల్లారేదాకా పళ్ళు బిగించుకుని ఉండేది.

ఇంతలో ఏప్రిల్ వచ్చింది. నిత్యానందం మావయ్యగారికి ఎనభై రెండు. మండవల్లిలో సహస్రచంద్రదర్శనం చేసుకోవాలని నిశ్చయించారు. వాళ్ళకి పిల్లల్లేరు. మా ఇంటివాళ్ళమే కొడుకులం, కోడళ్ళం. ఆ ఇంట్లో పద్ధతేమిటంటే, దంపతుల్ని పీటల మీద కూర్చోబెట్టి ముందుగా పెద్దకోడలు పాదాలు కడగాలి, నుదురు ఆనించాలి. ఆవిడ కడిగాకనే మిగతావాళ్ళు. కార్యం నాటికి ఏడు వారాలే అయింది, డాక్టరు చెప్పిన మూడు నెలల్లో ఇంకా నెల పైనే బాకీ ఉంది.

"ఒక్కసారే కదండీ, ఇద్దరం చెరో రెక్కా పట్టుకుంటాం" అన్నారు చుట్టాలు. రెక్కలు పట్టుకుంటే లోపలి కండల్ని ఎవరు పట్టుకుంటారండీ? ఎడ్విన్‌ని అడిగితే చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోబోయాడు. బావగారు ఎటూ చెప్పలేక పంచాంగం తిరగేస్తూ కూర్చున్నారు, అందులో తుంటి గురించి ఏమైనా రాసుందేమోనని.

చివరికి మావయ్యగారే ఫోన్ చేశారు. స్పీకర్లో అందరం విన్నాం. "పెద్దదానికి చేతకాకపోతే ఇంట్లోనే ఉండమను. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటే చూసేవాళ్ళకి బాగోదు. చిన్నదాన్ని పెద్దకోడలి స్థానంలో నిలబెట్టండి."

నాకు తల కొట్టేసినట్టయింది. నలభై నాలుగేళ్ళు ఆ ఇంటి కార్యాలన్నీ నడుం మీద మోసిన మనిషిని ఒక్క ఫోనుతో పక్కన పెట్టేసి, ఆ చోట్లో నన్ను నిలబెడతారట!

అక్కయ్య బావగారి వైపు తిరిగింది. "ఏవండీ, ఆయన కాళ్ళు కడగడం నాకు ఇష్టమే. మిమ్మల్ని మనిషిని చేసిన కాళ్ళు అవి. నా కాలు పోగొట్టుకుని కడగడం మాత్రం ఇష్టం లేదు. రమ్మని ఉంటే మానేద్దునేమో గానీ, రావద్దన్నారు కనక వెళతాను. పెద్దకోడల్ని నేనే. కడిగేదీ నేనే. వంగను" అంది.

ఎలా కడుగుతావు అక్కయ్యా అంటే చెప్పలేదు. ఆవిడకీ అప్పటికి తెలీదనుకుంటాను.

కారు మాట్లాడుకున్నాం. ముందు సీటు బాగా వెనక్కి జరిపి, దిళ్ళు వేసి, పైన పాలిథిన్ కవరు పరిచాను. ముందు కూర్చుని, రెండు కాళ్ళూ కలిపి ఒక్కసారే లోపలికి తిప్పుకోవాలి. కవరుంటే సులువుగా జారుతుంది. ఏలూరు దాటాక కైకలూరు రోడ్డులో రెండుసార్లు ఆపించి నడిచింది. రోడ్డుకి అటూ ఇటూ చేపల చెరువులు. గట్టు మీద మేత బస్తాలు దింపుతున్నవాళ్ళు పట్టుచీర కట్టుకుని వాకర్‌తో నడిచే ఆవిణ్ణి చూసి పనాపేశారు. "అక్కయ్యా, ఎవరైనా పెద్దాఫీసరు తనిఖీకి వచ్చిందనుకుంటున్నారే" అన్నాను. "అనుకోనీ" అని ఇంకో పది అడుగులు వేసింది.

మావయ్యగారి ఇల్లు ఆ చుట్టుపక్కల పాత ఇళ్ళలాగే బాగా ఎత్తు మీద ఉంటుంది. వానాకాలం కొల్లేరు పొంగితే నీళ్ళు లోపలికి రాకుండా అలా కట్టుకుంటారు. అరుగు నా గుండెల దాకా వస్తుంది. వాకిట్లో పందిరి, పందిట్లో పీటలు, పీటల మీద మావయ్యగారూ, అత్తయ్యగారు జ్ఞానప్రసూనాంబ గారూ. అక్కయ్య వాకర్ పట్టుకుని ఆ అరుగు వంక చాలాసేపు చూసింది. దాని పక్కన నిలబడి, చేత్తో ఎత్తు కొలుచుకుంది. ఏదో చేస్తుందని నాకు అప్పుడే అర్థమైంది.

మంత్రాలు చదువుతున్నది బావగారే. "పెద్దకోడలు రావాలి" అన్నారు, తలెత్తకుండా.

అక్కయ్య వెళ్ళింది. పీటల ముందు తిన్నగా నిలబడి చేతులు జోడించింది. "మావయ్యగారూ, నేను వంగకూడదు. వంగితే ఈ కాలు మళ్ళీ ఊడుతుంది. మీరిద్దరూ ఆ అరుగు అంచున కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చోండి. నేను వాకిట్లో నిలబడే కడుగుతాను. మీకు పాదపూజ జరుగుతుంది, నాకు కాలు దక్కుతుంది" అంది.

పందిట్లో గుసగుసలు మొదలయ్యాయి. మావయ్యగారి ముఖం కందగడ్డ అయింది. "కాళ్ళు వేలాడేసుకుని కూర్చోడానికి నేనేమైనా కాలవ గట్టు మీది కుర్రాణ్ణా? పీట మీద కూర్చున్నవాణ్ణి లేవను. ఆ వేళ నా పాదాల మీద వాలావు, చల్లగా ఉన్నావు. ఇవాళేమొచ్చింది?"

"ఆ వేళ నేను దండం పెట్టలేదండీ మావయ్యగారూ, పడిపోయాను. మీరే చూశారు" అంది అక్కయ్య.

ఆయన మొహం తిప్పేసుకున్నారు. "చంద్రావతీ, చెంబు తీసుకో. నువ్వు కానీ."

అందరి కళ్ళూ నా మీదే. రాగిచెంబు అక్కడే ఉంది. నేను వంగగలను, నా తుంటి భేషుగ్గా ఉంది. ఒక్క నిమిషం పని, అందరూ సంతోషిస్తారు. నా నడుము కూడా, సిగ్గు లేకపోతే సరి, కాస్త ముందుకి కదిలింది. కదిలిందని నాకు తెలిసింది. అప్పుడు ఆపాను.

"అక్కయ్య కడిగాకనే నేను కడుగుతానండి" అన్నాను. నా నోట్లోంచేనా ఆ మాట అని నేనే ఆశ్చర్యపోయాను. ఊరుకోవచ్చా, ఊరుకోలేదు. "ఆ వేళ ఆవిడ పడితే పట్టుకుంది నేను. ఆ కేక విన్నది నేను. మళ్ళీ వినను. మీరు కోప్పడండి, దీవించడం మానేయండి, నేను మాత్రం ఆ చెంబు ముట్టుకోను" అనేశాను.

మా వెనక వరసలో ఉన్న ఆడవాళ్ళు ఒక్కరు కూడా ముందుకి రాలేదు. మావయ్యగారు బావగారి వైపు చూశారు. "ఏమిరా నరసింహం, శాస్త్రం చెప్పు వీళ్ళకి."

బావగారు చెమట తుడుచుకున్నారు. ఆ మనిషి జన్మలో మేనమామ మాటకి ఎదురాడలేదు. "పాదాలు కడగమని ఉంది మావయ్యా" అన్నారు మెల్లిగా. "ఎంత ఎత్తులో ఉన్నవి కడగాలో లేదు." ఆ మాటకి మా అక్కయ్య ఆయన వంక చూసిన చూపు ఉందే, పెళ్ళిలో కూడా అలా చూసి ఉండదు.

అప్పుడు పీట మీంచి జ్ఞానప్రసూనాంబ అత్తయ్యగారు నోరు విప్పారు. డెబ్భై ఎనిమిదేళ్ళావిడ. పొద్దున ఆరింటి నుంచి మఠం వేసుక్కూర్చుని ఉన్నారు, ఒక్క మాట అనలేదు. "నా మోకాళ్ళు పగిలిపోతున్నాయర్రా. ఏదో అరుగన్నావే మహాలక్ష్మీ, ముందు నన్నెక్కించండి" అన్నారు.

"నువ్వు లేస్తే ఎలా? దంపతులం పక్కపక్కన ఉండాలి" అన్నారు మావయ్యగారు.

"అయితే మీరూ రండి" అన్నారు అత్తయ్యగారు.

ఆవిణ్ణి పట్టుకుని మెట్లెక్కించి అరుగు అంచున కూర్చోబెట్టాం. కాళ్ళు కిందికి జారవిడిచి "అమ్మయ్య" అని ఎంత హాయిగా నిట్టూర్చారో! నేను కింద పళ్ళెం ఎత్తి పట్టుకున్నాను. అక్కయ్య ఒక చేత్తో వాకర్ పట్టుకుని, ఒక చేత్తో చెంబు వంచి, నడుము ఒక్క అంగుళం కూడా వంచకుండా ఆ వాచిపోయిన పాదాలు కడిగింది. పసుపు రాసింది. తడిచేత్తో పాదాలు తాకి కళ్ళకద్దుకుంది. అత్తయ్యగారు అక్షింతలు వేస్తూ ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి.

పందిట్లో పీట మీద మావయ్యగారు ఒక్కరే మిగిలారు. ఎవరూ ఆయన్ని పిలవలేదు, ఎవరూ పొమ్మనలేదు. కాసేపటికి రెండు చేతులూ నేల మీద ఆనించి లేవబోయారు. లేవలేకపోయారు. మళ్ళీ ప్రయత్నించారు. కండువా జారిపోయింది. అంత పెద్దమనిషి అలా అయిపోతే నా కోపం ఎటు పోయిందో తెలీలేదు.

"కాస్త ఎవరైనా చెయ్యివ్వండర్రా" అన్నారు.

నేను పళ్ళెం దింపి పరిగెత్తాను. బావగారు ఒక రెక్క, నేను ఒక రెక్క పట్టుకున్నాం. ఆయన ఒక్క ఊపులో ముందుకి తూలి లేవబోయారు.

"ఆగండి!" అంది అక్కయ్య అరుగు దగ్గర్నుంచి. ఒకటో తరగతి గొంతు అది, నలభైమందిని ఒక్క మాటతో కూర్చోబెట్టే గొంతు. "అలా తూలకండి మావయ్యగారూ, మీ మోకాళ్ళు పోతాయి. ముందు మఠం విప్పండి. కుడికాలు చాపండి. ఆఁ, అలాగ. ఇప్పుడు బరువంతా వాళ్ళిద్దరి చేతుల మీద వేయండి. నడుము పక్కకి తిప్పకండి. నా వైపు చూడండి."

ఆయన మఠం విప్పారు. కుడికాలు చాపారు. బరువు మా చేతుల మీద వేశారు. తలెత్తి మా అక్కయ్య వైపు చూశారు.

"ఇప్పుడు లేవండి" అంది.

లేచారు.